తపాలా బిళ్ళకెక్కిన మన ఊరి పేరు : బళ్ళారి రాఘవ

తపాలా బిళ్ళల సేకరణలో అనేక శాఖలు గలవు. కొందరు ఒకే దేశపు బిళ్ళలను వరుసగా కూర్చుతారు. కొందరు ఒకే విషయాన్ని ఎన్నుకొని, ఆ విషయం ఏ దేశపు బిళ్ళపై కనిపించినా సేకరిస్తారు. పక్షులు, రైళ్ళు, పూలు, దేవాలయాలు ఇట్టి విషయాలు. సముద్రపు గవ్వలు, శంఖాలు ముద్రించిన బిళ్ళలను మాత్రమే సేకరించే వారు ప్రపంచమంతటా ఉన్నారు. వారికి మన దేశం కొత్తది కాదు. తిరువాన్కూరు సంస్థానం 1888లో వెలువరించిన తన తొలి బిళ్ళలపై రాజచిహ్నమైన శంఖాన్నే ముద్రించింది. భారత తపాలా శాఖ 1998లో గవ్వల చిత్రాలతో నాలుగు బిళ్ళలను విడుదల చేసింది.

మన పల్లెలకు సముద్రం వందల కిలోమీటర్ల దూరం. హగరి ఇసుకలోనూ తుంగభద్ర ఒడ్డునూ సముద్రపు శంఖం దొరకదు. అయినా గవ్వ మనకు పరాయిది కాదు. పచ్చీసు ఆడిన అవ్వలకు గవ్వ తెలుసు. గుడిలో హారతి వేళ ఊదే శంఖం తెలుసు. చేతిలో చిల్లిగవ్వ లేదని చెప్పుకునే ఇళ్ళు మనవి. ఒకనాడు గవ్వ నాణెంగా చెలామణి అయిందని ఆ మాటే సాక్ష్యం చెబుతుంది. కనుక గవ్వల బిళ్ళలను సేకరించే పిల్లవాడు మన ఊరిలో ఉంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

గవ్వ అనేది ఒక ప్రాణి విడిచిపోయిన ఇల్లు. మంచి సేకర్త దాని అందం చూసి ఊరుకోడు. ఇందులో ఏ ప్రాణి ఉండేది, ఏ నీటిలో బ్రతికింది, ఏమి తిన్నది అని విచారిస్తాడు. మనిషి రూపం ముద్రించిన తపాలా బిళ్ళ విషయంలోనూ ఇదే విచారణ అవసరం. మన ఊరి పేరును తన పేరులో మోసిన ఒక మహానటుని రూపంతో 1981లో భారత తపాలా శాఖ 35 పైసల బిళ్ళను వెలువరించింది. ఆ నటుడు బళ్ళారి రాఘవ. పిల్లల ఆల్బములో గవ్వల పుట ప్రక్కన ఈ బిళ్ళకూ ఒక పుట ఉండదగినది. ఆ పుటలో వ్రాసుకోవలసిన జీవితమేమిటో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సరిహద్దు కదిలింది, ఆయన కదలలేదు

రాఘవ పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2న తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు, తల్లి శేషమ్మ. నేటి పటం చూసేవారు ఆయన అనంతపురం జిల్లా వారని, బ్రతుకుతెరువుకై బళ్ళారి చేరారని అంటారు. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఆయన పుట్టిన నాటికి అనంతపురం జిల్లా అనేదే లేదు. బళ్ళారి జిల్లాను విభజించి 1882లో అనంతపురం జిల్లాను ఏర్పరచారు. అంటే రాఘవ బళ్ళారి జిల్లాలోనే జన్మించారు. రెండేళ్ళ పసివాడుగా ఉన్నప్పుడు సరిహద్దు కదిలింది. సరిహద్దులు మనుషుల క్రిందుగా జరిగిపోతాయని మన పల్లెలవారికి వేరే చెప్పనక్కరలేదు.

మరొక విశేషం కూడా ఉన్నది. కందుకూరి వీరేశలింగం పంతులు రాజమహేంద్రవరంలో వ్యవహార ధర్మబోధిని అనే నాటకాన్ని ప్రదర్శింపజేసినది ఈ 1880వ సంవత్సరంలోనే. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు దానినే తొలి మెట్టుగా చెబుతారు. తెలుగు రంగస్థలమూ రాఘవా ఒకే ఈడువారన్నమాట.

మేనమామ నాటకశాల

తల్లి శేషమ్మ సోదరుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన 1853లో జన్మించి, బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడి, నాటక రచనలో ఆంధ్ర నాటక పితామహుడనే బిరుదు పొందినవారు. తెలుగు నాటకంలో పాటలను ప్రవేశపెట్టినదీ, విషాదాంత నాటకానికి బాట వేసినదీ ఆయనే. చిత్రనళీయం, విషాద సారంగధర, ప్రహ్లాద మొదలైనవి ఆయన రచనలు. ఆయన నెలకొల్పిన సరసవినోదినీ సభ బళ్ళారిలో నాటకాభిమానులకు కూడలి అయింది.

అదే ఊరిలో మరొక న్యాయవాది కూడా నాటకకర్తే. ఆయన కోలాచలం శ్రీనివాసరావు. హంపి శిథిలాల చెంతనున్న కమలాపురంలో 1854లో జన్మించిన కోలాచలం చారిత్రక నాటకాలకు ఆద్యులుగా పేరొందారు. ప్రపంచ నాటక చరిత్రపై ఆంగ్లంలో గ్రంథం కూడా వ్రాశారు. ఆయన పక్షాన సుమనోరమ సభ నడిచింది. ఒకే పట్టణంలో రెండు నాటక సభలు, ఇద్దరు దిగ్దంతులు, ఇద్దరూ నల్లకోటు ధరించి కోర్టుకు వెళ్ళేవారే. పోటీ ఉండక తప్పలేదు. ఆ పోటీ వలన బళ్ళారి ప్రేక్షకులకు మేలే జరిగింది.

ఇట్టి గాలిలో పెరిగిన బాలునికి నాటకం అబ్బడంలో వింత లేదు. వింత ఏమంటే, అతడు మామ నాటకాలతో తృప్తిపడలేదు. పన్నెండేళ్ళ వయస్సులోనే బళ్ళారిలో షేక్స్పియర్ క్లబ్బును స్థాపించి ఆంగ్ల నాటకాలను ప్రదర్శించాడని చెబుతారు. తెలుగు ఇంటి బాలుడు, చుట్టూ కన్నడం మాట్లాడే ఊరిలో, ఆంగ్ల నాటకం ఆడటం ఆ రోజులలో సామాన్య విషయం కాదు. షేక్స్పియర్ పుట్టి నాలుగు వందల ఏళ్ళు నిండిన సందర్భంలో 1964లో బ్రిటన్ బిళ్ళలు విడుదల చేసింది. వాటిలో ఒకటి లభిస్తే రాఘవ పుటలో ఆయన బాల్యం ప్రక్కన అతికించుకోవచ్చును.

పగలు కోర్టు, రాత్రి రంగస్థలం

రాఘవ మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, 1905లో మద్రాసు న్యాయ కళాశాల నుండి న్యాయశాస్త్ర పట్టా పొందారు. బళ్ళారికి తిరిగివచ్చి వకీలు వృత్తి ప్రారంభించారు. నేర విచారణలలో దిట్ట అనిపించుకున్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగానూ పనిచేశారు.

ఈ విషయం ఆయన నటజీవితాన్ని అర్థం చేసుకొనడానికి ముఖ్యం. ఆ కాలంలో నాటకాలాడేవారిని సమాజం చులకనగా చూసేది. చదువుకున్న కుటుంబాలవారు వేషం కట్టడం పరువు తక్కువ అని తలచేవారు. రాఘవకు కోర్టు సంపాదన ఉండెను. అందువలన టిక్కెట్ల సొమ్ముకు తలవంచవలసిన అవసరం ఆయనకు కలగలేదు. నాటకాల ద్వారా వచ్చిన ధనాన్ని ప్రజాహిత కార్యాలకు ఇచ్చివేశారు. ప్రేక్షకుడు కోరినదల్లా చేయవలసిన నిర్బంధం లేని నటుడు మాత్రమే ప్రేక్షకుని అభిరుచిని మార్చగలడు. రాఘవ చేసిన పని సరిగ్గా అదే.

కోర్టులో ఆయన ప్రతిరోజూ చూసినది మనుషులనే. అబద్ధమాడే సాక్షి కళ్ళు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి మౌనం, కోపం దిగమ్రింగే రైతు దవడలు ఆయన ఎదుటనే ఉండేవి. రంగస్థలంపై ఆయన చూపిన సహజత్వానికి ఆ పరిశీలన తోడ్పడి ఉంటుందని తలచడంలో అతిశయోక్తి లేదు.

రాగం తగ్గించి భావం పెంచిన నటుడు

నాటి తెలుగు నాటకమంటే పద్యం. పద్యమంటే రాగం. హార్మోనియం శ్రుతి అందుకోగానే నటుడు పాత్రను మరచి గాయకుడయ్యేవాడు. సభలో వన్స్ మోర్ అనే కేక లేవగానే చనిపోయిన పాత్ర కూడా లేచి పద్యం మళ్ళీ పాడిన సందర్భాలను మన తాతలు నవ్వుతూ చెప్పుకునేవారు. అది ఆనందమే, కాదనలేము. అయితే కథ అక్కడే ఆగిపోయేది.

రాఘవ ఆ పద్ధతిని అంగీకరించలేదు. పద్యాన్ని సాగదీసి పాడక, మాటవలె, అర్థం తెలిసేటట్లు చదివేవారు. మాటకూ మాటకూ నడుమ మౌనాన్ని వాడుకున్నారు. ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు వినే ముఖం కూడా నటనే అని నిరూపించారు. రాగతాళాలకు అలవాటుపడిన ప్రేక్షకులలో కొందరికి ఇది మొదట రుచించలేదు. ఆయన వెనుదీయలేదు.

కోలాచలం వారి రామరాజు నాటకంలో ఆయన ధరించిన పఠాను పాత్ర విశేష ఖ్యాతి పొందింది. ఆ నాటకం విజయనగర సామ్రాజ్య పతనానికి సంబంధించినది. హంపి నాడు బళ్ళారి జిల్లాలోనిదే. 2021లో ఏర్పడిన విజయనగర జిల్లాలో నేడు చేరినది. శిథిలాలను కళ్ళారా చూసిన ప్రేక్షకుల ఎదుట ఆ కథ ఆడటమంటే వారి పెరటి గాథను వారికి చూపడమే. హరిశ్చంద్రుడు, హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు ఆయన ధరించిన ఇతర ప్రసిద్ధ పాత్రలు. దుర్యోధనుని కేవలం దుష్టునిగా గాక, అభిమానం దెబ్బతిన్న రాజుగా చూపడం, హిరణ్యకశిపునిలో రాక్షసునితో పాటు తండ్రిని కూడా చూపడం రాఘవ మార్గం. ఆంగ్లంలో ఒథెల్లో, షైలాక్ వంటి షేక్స్పియర్ పాత్రలను కూడా పోషించారు.

నాలుగు భాషల నోరు

రాఘవ తెలుగు, కన్నడం, హిందీ, ఆంగ్ల నాటకాలలో నటించారు. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క ప్రేక్షక లోకం ఉన్నది. బెంగళూరులో ఔత్సాహిక నటుల సంఘంతో ఆయనకు సంబంధం ఏర్పడింది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు బెంగళూరుకు వచ్చినప్పుడు రాఘవ నటనను చూచి ప్రశంసించారు. 1927లో మహాత్మా గాంధీ దీనబంధు కబీరు అనే హిందీ నాటకంలో ఆయనను చూచి హర్షం వ్యక్తం చేశారు. గాంధీజీ నాటకాలు చూడటానికి తీరిక గల మనిషి కాడని మనకు విదితమే. అందుచేత ఆ సంఘటన రాఘవ జీవితంలో ముఖ్యమైనదిగా నిలిచింది.

ఆల్బము పుటలో ఈ రెండు సందర్భాలకూ బిళ్ళలు దొరుకుతాయి. ఠాగూరు శతజయంతికి 1961లో భారత ప్రభుత్వం బిళ్ళ వెలువరించింది. గాంధీజీ బిళ్ళలు స్వతంత్ర భారతంలో తొలిసారి 1948 ఆగస్టు 15న వచ్చాయి. 1948 నాటివి వెలగలవి, వాటికై ఆశపడనక్కరలేదు. తరువాతి కాలంలో వచ్చిన సామాన్యమైన గాంధీ బిళ్ళ ఒకటి చాలును.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మన పల్లెలలో ఇంట ఒక భాష, బడిలో ఒక భాష అయిన పిల్లలు ఎందరో ఉన్నారు. రెండు భాషలు వచ్చిన బిడ్డకు ఏదీ సరిగా రాదని కొందరు తల్లిదండ్రులు దిగులు పడతారు. ఏదో ఒకటి వదిలించి, ఒకటే నిలుపుదామని చూస్తారు. రాఘవ జీవితం ఆ దిగులుకు సమాధానం. ఆయన తెలుగు నటుడా, కన్నడ నటుడా అని విభజించడం వ్యర్థం. తెలుగువారు ఆయనను తమవాడన్నారు, కన్నడిగులు తమవాడన్నారు, ఇద్దరి మాటా నిజమే. బళ్ళారి తాలూకాలోని జోళదరాశికి చెందిన దొడ్డనగౌడ వంటి కన్నడ రంగస్థల ప్రముఖులు ఆయన ఒరవడిలో నడిచినవారే.

సీమదేశంలో బళ్ళారి వకీలు

1928లో రాఘవ ఇంగ్లండు వెళ్ళారు. అక్కడి నాటకశాలలను, నటులను, వెలుగు ఏర్పాట్లను స్వయంగా పరిశీలించారు. ప్రసిద్ధ నాటకకర్త జార్జి బెర్నార్డ్ షాను కలుసుకొని నాటకకళను గూర్చి ముచ్చటించారు. ఆంగ్ల నాటకాన్ని పుస్తకాలలో చదివి బళ్ళారిలో ఆడిన బాలుడు, నలుబది ఎనిమిదేళ్ళ వయస్సులో ఆ నాటకం పుట్టిన గడ్డపై నిలిచాడు. సోవియట్ రష్యా 1956లో షా శతజయంతికి బిళ్ళ వేసింది. సేకర్తలకు అది అందుబాటు ధరలోనే లభిస్తుంది.

సీమదేశం చూసివచ్చినవారు కొందరు మనదంతా తక్కువ అనే భావంతో తిరిగివస్తారు. రాఘవ అట్లు కాలేదు. తిరిగివచ్చి తెలుగు నాటకంలో ఏమి మార్చాలో ఆ పని చేయడానికి పూనుకొన్నారు.

స్త్రీ పాత్రకు స్త్రీ

నాడు సురభి వంటి కుటుంబ సమాజాలలో తప్ప, స్త్రీ పాత్రలను పురుషులే ధరించేవారు. చదువుకున్న కుటుంబాల స్త్రీ రంగస్థలం ఎక్కడమంటే ఊరంతా నిందించే కాలమది. స్త్రీ పాత్రను స్త్రీయే ధరించాలని రాఘవ పట్టుబట్టారు. నాటకంలో సహజత్వం కోరే మనిషి ఇంతకన్న భిన్నంగా తలచడానికి వీలులేదు గదా. ఆయన ప్రోత్సాహంతో రంగస్థలంపైకి వచ్చినవారిలో కొమ్మూరి పద్మావతీదేవి ప్రసిద్ధురాలు.

పాత పురాణ కథలతో పాటు నేటి ఇంటి కథ కూడా నాటకం కావాలని ఆయన ఆకాంక్ష. పి. వి. రాజమన్నారు వ్రాసిన తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని ఆయన ప్రదర్శించారు. సంసారంలో స్త్రీ పడే బాధను అందులో విచారించారు. ఆ రాజమన్నారు తరువాతి కాలంలో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కేంద్ర సంగీత నాటక అకాడమీకి తొలి అధ్యక్షులయ్యారు. నాటకమూ న్యాయమూ ఒకే గూటిలో పెరిగిన సంప్రదాయం ఇక్కడ కూడా కనిపిస్తుంది.

మూడు చలనచిత్రాలు

టాకీలు వచ్చిన తరువాత రాఘవను సినిమా పిలిచింది. 1936లో ద్రౌపదీ మానసంరక్షణం చిత్రంలో దుర్యోధనునిగా నటించారు. అదే సంవత్సరం అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణం అనే మరొక చిత్రం పోటీగా వచ్చింది. ప్రజలు రెండవదానినే ఆదరించారు. మహానటుడున్నంత మాత్రాన చిత్రం గెలవదని ఆనాడే తేలింది.

1939లో గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వం వహించిన రైతుబిడ్డలో రాఘవ రైతు పాత్ర ధరించారు. జమీందారీ విధానంలో రైతు పడే కష్టాలు దాని ఇతివృత్తం. జమీందారుల ఆగ్రహానికి గురియై కొన్ని ప్రాంతాలలో నిషేధం పాలైంది. పౌరాణిక రాజుల పాత్రలకు ప్రసిద్ధుడైన నటుడు తలపాగా చుట్టి పొలం గట్టుపై నిలబడటం మన రైతు కుటుంబాలు గర్వించదగిన విషయం. 1940లో వచ్చిన చండిక ఆయన మూడవ చిత్రం. ఆ తరువాత సినిమా జోలికి పోలేదు. ఎదుట మనుషులు లేని నటన ఆయనకు అంతగా పట్టుబడలేదని అనుకోవచ్చును.

ఇందువలన మనకు కలిగిన నష్టం పెద్దది. ఆయన గొప్పతనమంతా రంగస్థలంపైనే ఉన్నది. పఠాను పాత్రలో ఆయన నడక, హరిశ్చంద్రునిలో ఆయన గొంతు చూసిన కళ్ళతో విన్న చెవులతో వెళ్ళిపోయాయి. ప్రాణి పోయి గవ్వ మిగిలినట్లు, ఆయన పేరు, కొన్ని ఛాయాచిత్రాలు, ఒక తపాలా బిళ్ళ మిగిలాయి.

మరణం, ఆపై సరిహద్దు

1946 ఏప్రిల్ 16న రాఘవ కన్నుమూశారు. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా పదహారు నెలలున్నవి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం పంతులు జన్మదినం కూడా. ఆ దినాన్ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నారు. తెలుగు నాటకం పండుగ జరుపుకునే రోజునే ఆ నాటకపు మహానటుని వర్ధంతి కూడా పడటం యాదృచ్ఛికమే అయినా మరువరానిది.

ఆయన పోయిన ఏడేళ్ళకు, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అదే దినం బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. బళ్ళారి సహా మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో చేరాయి. బళ్ళారి పట్టణం ఎవరికి చెందాలనే విషయమై ఎంత వాదం జరిగిందో, ఎంత ఉద్రేకం చెలరేగిందో పెద్దలకు తెలుసు. అక్కాచెల్లెళ్ళ మెట్టినిళ్ళు రెండు రాష్ట్రాలలో పడ్డాయి. పొలం ఒక వైపు, రేషను కార్డు ఒక వైపు అయిన కుటుంబాలున్నాయి.

రాఘవ ఆ వాదాన్ని చూడలేదు. ఆయన పుట్టిన తాడిపత్రి ఒక రాష్ట్రంలోనూ, బ్రతికిన బళ్ళారి మరొక రాష్ట్రంలోనూ నిలిచాయి. ఆయనను ఏ ప్రక్క ఉంచాలనే ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పవలసిన అవసరం రాలేదు, ఎందుకంటే ఇరుప్రక్కలవారూ ఆయనను విడువలేదు. బళ్ళారిలో ఆయన పేరిట రాఘవ కళామందిరం వెలిసింది. అక్కడ కన్నడ నాటకమూ ఆడుతుంది, తెలుగు నాటకమూ ఆడుతుంది. ఆయన జయంతి వర్ధంతులను ఇరు భాషలవారు జరుపుతారు.

1981లో, శతజయంతి గడచిన మరుసటి ఏడు, తపాలా బిళ్ళ వచ్చింది. బిళ్ళపై తాడిపత్రి రాఘవాచార్యులని లేదు, బళ్ళారి రాఘవ అని ఉన్నది. ఇంటిపేరు స్థానంలో ఊరి పేరు నిలిచింది. ఆ బిళ్ళ అతికించిన ఉత్తరం కాశ్మీరుకు పోయినా, కన్యాకుమారికి పోయినా, మన ఊరి పేరు దానితోపాటు పోయింది. సరిహద్దు తగాదా ఏమిటో తెలియని వారి చేతికి కూడా ఒక కళాకారుని పేరుగా బళ్ళారి చేరింది.

రాఘవ పుట కూర్చుకొనే విధానం

ఇక ఆల్బము సంగతి. ఈ బిళ్ళ అపురూపమైనది కాదు. 1981 నాటి స్మారక బిళ్ళలలో 35 పైసలవి మరికొన్ని కూడా ఉన్నాయి. పాత బిళ్ళల వర్తకుల వద్ద స్వల్ప ధరకు లభిస్తుంది. దీనిని కొని ధనవంతులమవుతామనే ఆశ పెట్టుకోరాదు. డబ్బుకై సేకరించేవాడు త్వరలోనే విసుగు చెందుతాడు.

కొనడానికి ముందు ఇంటిలోని పాత ట్రంకు పెట్టె వెదకండి. ఆ ఏటి ఉత్తరాలు అందులో ఉండవచ్చును. బెంగళూరు నుండి అన్న వ్రాసినదో, సైన్యం నుండి మామ వ్రాసినదో, పెళ్ళి కబురు తెచ్చినదో కావచ్చు. కవరుపై రాఘవ బిళ్ళ ఉండి, దానిపై తపాలా ముద్రలో ఊరి పేరు, తేదీ స్పష్టంగా కనిపిస్తే బిళ్ళను ఊడదీయవద్దు. కవరును కవరుగానే భద్రపరచండి. ఆ ముద్రే ఒక చరిత్ర. బళ్ళారి ముద్ర పడిన బళ్ళారి రాఘవ బిళ్ళ మన జిల్లావాడికి రెండింతలు ప్రియమైనది.

ముద్ర అస్పష్టంగా ఉంటే, చుట్టూ కొంత కాగితం విడిచి కత్తిరించి, చల్లని నీటి పళ్ళెంలో బొమ్మ పైకి ఉండేటట్లు వేయాలి. కొంతసేపటికి జిగురు కరిగి బిళ్ళ దానంతటదే విడివడుతుంది. గోటితో గీరితే వెనుక పొర చిట్లుతుంది. అంచు పళ్ళు ఒక్కటి విరిగినా విలువ పోతుంది. విడిన బిళ్ళను తెల్లకాగితంపై బోర్లించి నీడలో ఆరబెట్టాలి. మన ఎండలో పెడితే గొట్టమువలె చుట్టుకొని రంగు వెలుస్తుంది. ఆరిన పిదప బరువైన పుస్తకంలో ఒక రాత్రి ఉంచాలి. చేతి చెమట తగలకుండా చిన్న పట్టకారుతో తీయాలి. పుటపై బంకతో అంటించడం మహాపరాధం. అరలుగల స్టాకు పుస్తకంలో నిలపాలి, లేదా బిళ్ళలకై అమ్మే సన్నని హింజి కాగితం వాడాలి.

పుట మధ్యలో రాఘవ ఉండాలి. ఒక ప్రక్క షేక్స్పియర్, షా. మరొక ప్రక్క ఠాగూరు, గాంధీజీ. పైన, తెలుగు నాటకానికి తొలి అడుగు వేసిన కందుకూరి. ఆయన బిళ్ళ 1974లో వచ్చింది. ఒక్కొక్క బిళ్ళ క్రింద ఆ మనిషికీ రాఘవకూ గల సంబంధాన్ని పిల్లవాడు స్వయంగా ఒక వాక్యంలో వ్రాయాలి. తెలుగులో ఒక వాక్యం, కన్నడంలో ఒక వాక్యం. తల్లిదండ్రులు వ్రాసి ఇవ్వరాదు. తప్పు వ్రాసినా వాడే దిద్దుకోవాలి. ఈ ఒక్క పుట పూర్తి చేసిన పిల్లవానికి రెండు లిపులు, రెండు దేశాల చరిత్ర, ఒక కళాకారుని జీవితం చేతికి వస్తాయి.

ఉత్తరాలు వ్రాసే అలవాటు నేడు క్షీణించింది. పాత కవర్లు చెదలకు, పాత కాగితాల బండికి పోతున్నాయి. వాటితోపాటు రాఘవ పేరు కూడా మన ఇళ్ళలోనుండి మెల్లగా జారిపోతున్నది. బళ్ళారిలో ఆయన పేరుగల మందిరం ముందు బస్సు దిగే యువకులలో, ఆ పేరు ఎవరిదో చెప్పగలవారు ఎందరున్నారో ఎవరికి వారే విచారించుకోవాలి. గవ్వ అందం చూసి దాచుకున్నంత మాత్రాన ప్రాణి తెలియదు. బిళ్ళ దాచుకున్నంత మాత్రాన రాఘవ తెలియడు.

రానున్న ఆగస్టు 2 ఆయన జయంతి. ఆ లోపల ఇంటి పెట్టెలు దులిపి, దొరికిన బిళ్ళలను పిల్లలచేత ఒక పుటగా కూర్పించండి. ఆనాటి సాయంత్రం ఇంటిల్లిపాది కూర్చుని, పిల్లవానిచేత ఆ పుటను రెండు భాషలలోనూ చదివించి వినండి. నాలుగు భాషలలో నటించిన మనిషికి మన సరిహద్దు పల్లెలు సమర్పించగల ఉచితమైన నివాళి అదే.